గుర్రం దిగి పడవెక్కిన రౌతు

(చెన్నై అడయారులో ఒక ఆదివారం సాయంత్రం, రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు ఆడే తెలుగు మిత్రుల కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, చోటుంది. ఆ కిటికీ తలుపు కొంచెం తీస్తే సముద్రపు గాలి వస్తుంది. ఈ పూట మాటలకు అదీ అవసరమే.

నన్ను మాట్లాడమన్నది ఒక్క సంగతి గురించి. బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కాలపు నైట్ల, అంటే గుర్రమెక్కే వీరుల కథను ఆటగా ఆడుతున్నాం కదా, ఆ నైట్లను సముద్రం మీదికి ఎలా తీసుకెళ్ళాలి? పాతకాలపు సముద్రయాన గాథలను మన క్యాంపెయిన్‌లోకి, అంటే ఏళ్ళ తరబడి సాగే మన ఆటకథలోకి ఎలా తెచ్చుకోవాలి? ఈ ఊళ్ళో ఒకే గుంపుతో తొమ్మిదేళ్ళుగా ఈ ఆట నడుపుతున్నాను. అందులో నాలుగేళ్ళు సముద్రం మీదే గడిచాయి.

కొత్తవాళ్ళ కోసం ఆట గురించి రెండు మాటలు. గ్రెగ్ స్టాఫర్డ్ తయారుచేసిన ‘పెండ్రాగన్’ 1985లో వచ్చింది. ఒకరు గేమ్ మాస్టర్, కథ నడిపే మనిషి. మిగతావాళ్ళు తలా ఒక నైట్. ఇరవై ముఖాల పాచిక, ఒక కాగితం, నోటి మాట, ఇంతే సరంజామా. ఈ ఆటలో నైట్ కత్తి ఎంత బాగా తిప్పుతాడో రాసి ఉంటుంది గానీ, అతని స్వభావం అంతకన్నా వివరంగా రాసి ఉంటుంది. పదమూడు జతల గుణాలు. క్షమ ఒకవైపు, ప్రతీకారం ఇంకోవైపు. దయ, క్రూరత్వం. నమ్మకం, అనుమానం. ధైర్యం, పిరికితనం. ప్రతి జతా కలిపితే ఇరవై. క్షమ 4 అయితే ప్రతీకారం 16. ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది. ఒక గుణం 16కి చేరిందంటే ఆ మనిషి దానికి పేరుమోసినవాడని లెక్క. సమయం వచ్చినప్పుడు గేమ్ మాస్టర్ పాచిక వెయ్యమంటే వెయ్యాల్సిందే. నైట్ ఏం చేస్తాడో కొన్నిసార్లు అతని స్వభావమే తేలుస్తుంది, మన తెలివి కాదు.

ఇంకొకటి. మామూలుగా ఒక సాహసం అంటే ఒక ఏడాది. ఆ తర్వాత చలికాలం. పెళ్ళిళ్ళు, కాన్పులు, పంట, గుర్రం బతికిందా పోయిందా, ముప్పై అయిదు దాటితే ఒంట్లో సత్తువ ఎంత తగ్గింది, అన్నీ ఆ చలికాలంలోనే తేలతాయి. నైట్ పోతే అతని వారసుడు వస్తాడు. తరాల కథ. మన పల్నాటి వీరగాథలు వింటూ పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. పంతం, మాట, పగ, వంశం అన్నీ మనకు తెలిసిన సరుకే.

ఇక సముద్రం. మొదటిసారి మా నైట్లను ఓడ ఎక్కించినప్పుడు నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను. కార్న్‌వాల్ తీరం నుంచి పడమటికి పంపించాను. ఇరవై దీవుల పట్టీ ఒకటి రాసుకున్నాను. పాచిక వేస్తే ఏది పడితే ఆ దీవి. ఒకదాంట్లో రాక్షసుడు, ఒకదాంట్లో మహాసర్పం, ఒకదాంట్లో మంత్రగత్తె. మూడు ఆదివారాలు ఆడాం. దిగడం, కొట్టడం, మళ్ళీ ఎక్కడం. మూడో ఆదివారం రాత్రి, మా గుంపులో అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ అడిగింది: “అన్నా, ఇవన్నీ అడవిలోనూ ఎదురయ్యేవే కదా. మరి సముద్రం ఎందుకు?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ ప్రశ్నే. ఆ తర్వాత రెండు నెలలు ఆట ఆపి చదువుకున్నాను. ఈరోజు మీకు చెప్పేదంతా ఆ అమ్మాయి ప్రశ్నకు దొరికిన జవాబే.

షివల్రీ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు కదా. ఫ్రెంచిలో ‘షెవాల్’ అంటే గుర్రం. షెవాలియే అంటే గుర్రమెక్కినవాడు. మన మాటలో రౌతు. ఈ వీరధర్మం మొత్తం గుర్రం వీపు మీద నిలబడింది. ఆ ఎత్తు నుంచి చూడటం, ఆ ఎత్తు నుంచి దయ చూపడం, బరిసె పట్టుకుని దూసుకెళ్ళడం. మనవాళ్ళు ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నారు. మరి గుర్రమే లేకపోతే ఆ రౌతు ఎంతటివాడో ఎలా తెలుస్తుంది?

సముద్రంలో గుర్రం ఉండదు. 1066లో నార్మన్లు ఇంగ్లీషు కాలువ దాటినప్పుడు గుర్రాలను ఓడల్లో ఎక్కించుకొచ్చారు నిజమే. ఆ దండయాత్రను బొమ్మలుగా కుట్టిన బాయో కుట్టుపట్టం మీద ఓడ అంచు పైనుంచి గుర్రాల తలలు కనిపిస్తాయి. కానీ అది ఒక్క రాత్రి ప్రయాణం. ఏడేళ్ళ ప్రయాణానికి తోలు పడవలో గుర్రాన్ని తీసుకెళ్ళేవాడెవడూ లేడు. గుర్రంతో పాటే బరిసె పోయింది. ఎవరికి లోబడి ఉండాలో ఆ ప్రభువు ఒడ్డునే ఉండిపోయాడు. డాలు మీద సింహం బొమ్మ ఉందనుకోండి, ఆ బొమ్మ ఎవరిదో నడిసముద్రంలో దీవి మీద ఉన్నవాడికేం తెలుస్తుంది? ఈ ఆటలో నైట్లు ఏళ్ళ తరబడి కీర్తి పాయింట్లు కూడబెట్టుకుంటారు, వేలల్లో. దీవి మీద ఆ అంకెకు విలువ లేదు. మిగిలేది ఆ పదమూడు జతల గుణాలు, ఇచ్చిన మాట. అడవిలో నైట్ నైట్‌గానే ఉంటాడు. సముద్రంలో వట్టి మనిషి అయిపోతాడు. అందుకూ సముద్రం.

ఇది అర్థమయ్యాక ఆ పట్టీ చింపేశాను. పాత గాథల దగ్గరికి వెళ్ళాను. ఐరిష్ వాళ్ళకు ఈ కథల్లో ఒక జాతే ఉంది, ‘ఇమ్రమ్’ అంటారు. తెడ్డు వేసుకుంటూ తిరగడం అని అర్థం. చూడండి, జయించడం అని కాదు, కనిపెట్టడం అనీ కాదు. తెడ్డు వేస్తూ తిరగడం.

ముందు పడవ గురించి చెప్తాను. పడవ కళ్ళ ముందు కనబడకపోతే ప్రయాణం కనబడదు. ఐర్లాండ్ సన్యాసి సెయింట్ బ్రెండన్ ప్రయాణగాథలో పడవ కట్టిన తీరు ఉంది. సన్నని చెక్క బద్దలతో చట్రం. దాని మీద ఓక్ చెట్టు బెరడుతో పదును చేసిన ఎద్దు తోళ్ళు. అతుకుల మీద కొవ్వు పూత. నలభై రోజుల తిండి, ఇంకో రెండు పడవలకు సరిపడా తోళ్ళు, వాటికి పూయడానికి వెన్న. పూయడానికి సరిపడా వెన్న కూడా లెక్కపెట్టుకుని ఎక్కించుకున్నారని చదివినప్పుడు ఆ ప్రయాణం మీద నాకు నమ్మకం కుదిరింది. టిమ్ సెవెరిన్ అనే ఆయన ఇదే పద్ధతిలో 36 అడుగుల పడవ కట్టాడు, 49 ఎద్దు తోళ్ళతో. 1976 మేలో ఐర్లాండ్ నుంచి బయల్దేరి, చలికాలం ఐస్‌లాండ్‌లో ఆగి, 1977 జూన్‌లో న్యూఫౌండ్‌లాండ్ చేరాడు. దారిలో మంచుగడ్డ తగిలి తోలు చిరిగింది. పడవ అంచు మీంచి వంగి, గడ్డకట్టే నీళ్ళలో చేతులు పెట్టి, తోలు అతుకు వేసి కుట్టారు. చెక్క పడవ అయితే నడిసముద్రంలో అలా కుట్టుకోవడం కుదిరేదా?

కుట్టిన పడవ మన ఊరికి కొత్త కాదు. హార్బరు కట్టకముందు మద్రాసులో ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఒడ్డుకు మనుషులనూ సరుకునూ తెచ్చింది మసూలా పడవలు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు, మేకు అనేదే వాడలేదు. అల కొడితే మేకు దిగ్గొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. ఐర్లాండ్‌లో తోలుతో చేసిన పని ఇక్కడ పీచుతో చేశారు. ఈ పోలిక చెప్పగానే మా వాళ్ళకు ఆ పడవ ఒక్కసారిగా దగ్గరైంది.

క్యాంపెయిన్ మళ్ళీ మొదలుపెట్టే ముందు తెల్లవారుజామున అందరినీ బెసంట్ నగర్ పక్కన ఊరూర్ కుప్పం తీరానికి తీసుకెళ్ళాను. ఇప్పుడు అక్కడ ఫైబర్ పడవలే, మోటారు ఉంటుంది. అయినా ఒడ్డు దాటడం పాత పద్ధతే. నలుగురు పడవకు చెరోవైపు భుజం ఆనించి నిలబడ్డారు. మోకాళ్ళ దాకా నీళ్ళు. ముందున్న పెద్దాయన కళ్ళు అలల మీదే. ఒక అల వచ్చి విరిగింది, కదల్లేదు. రెండోది, కదల్లేదు. మూడోది చిన్నదిగా కనబడింది, మా కుర్రవాడొకడు “ఇప్పుడు” అన్నాడు. ఆయన తల కూడా తిప్పలేదు. దాని వెనకాల పెద్దది దాగి ఉంది. అది విరిగి నురగ అణిగాక, నోట్లోంచి ఒక్క కేక. నలుగురూ ఒక్కసారిగా తోశారు. పడవ ముక్కు పైకి లేచి, దబ్బున పడి, అవతలికి వెళ్ళిపోయింది. మా ఆటలో ఇప్పుడు ప్రతి దీవి నుంచీ బయల్దేరేటప్పుడు ఒక పాచిక ఉంటుంది: వివేకమా, దుడుకుతనమా. నాటి పొద్దున్న చూసినవాళ్ళెవరూ ఆ పాచికను తేలిగ్గా వెయ్యరు.

బ్రెండన్ కథ పెండ్రాగన్‌కు ఎంత సరిగ్గా అతుకుతుందో చెప్తాను. ఈ ఆట పెద్ద క్యాంపెయిన్ కథాకాలం క్రీ.శ. 485లో మొదలై ఎనభై ఏళ్ళ పాటు సాగుతుంది. బ్రెండన్ సంప్రదాయం ప్రకారం 484 ప్రాంతంలో పుట్టి 577 ప్రాంతంలో కన్నుమూశాడు. అంటే ఆర్థర్ పుట్టుక, పతనం రెండూ ఆయన జీవితకాలంలోనే. మీ నైట్లు ఐర్లాండ్ రేవులో ఆయన్ని నిజంగానే కలవొచ్చు. ఆయన ప్రయాణం ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఆయన కొత్త కొత్త చోట్లకు వెళ్ళలేదు. ఏటా తిరిగి తిరిగి అవే మజిలీలు. ఈస్టరుకు ముందు గొర్రెల దీవి. ఈస్టరు రాత్రి చేప వీపు. ఆ తర్వాత పక్షుల దీవి. క్రిస్మస్‌కు మౌనంగా ఉండే సన్యాసుల మఠం. మధ్యలో ఎన్నో వింతలు ఉన్నాయి, కానీ ఈ నాలుగూ మారవు.

చేప సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. చెట్టూ గడ్డీ లేని దీవి అనుకుని దిగారు, పొయ్యి వెలిగించారు, గిన్నె మరగడం మొదలైంది, దీవి కదిలింది. అది జాస్కోనియస్ అనే మహామత్స్యం. మన పురాణాల్లో తిమి అనే చేపను మింగేది తిమింగిలం, అంతటిది. అందరూ గిన్నె వదిలేసి పడవలోకి పరుగెత్తారు. చాలామంది గేమ్ మాస్టర్లు ఇక్కడితో ఆపేస్తారు, ఒక్కసారి ఉలికిపాటు, అంతే. అసలు అందం మరుసటి ఏడాదిలో ఉంది. వాళ్ళు మళ్ళీ ఈస్టరుకు అదే చేప వీపుకు వస్తే, పోయినేడు వదిలేసి పారిపోయిన గిన్నె అక్కడే ఉంటుంది.

దీన్ని మేం ఆడాం. మొదటి ఏడు అందరూ పారిపోయారు. మధ్యలో చలికాలం పాచికలు, ఒకరికి ఇంటి దగ్గర కూతురు పుట్టింది గానీ ఆ వార్త చేరలేదు, ఒకరి జుట్టు నెరిసింది. రెండో ఏడు “చేప వీపు మీద మీ గిన్నె ఉంది, దానికి తుప్పు పట్టింది” అన్నాను. బల్ల చుట్టూ ఒక్కరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరు అడిగారు: “మంట వేయకుండా చల్లటి తిండే తిందామా?” ఆ మాటతో నమ్మకం గుణానికి పాచిక వేయించాను. ఏడేళ్ళు తిరిగేసరికి ఆ చేప వాళ్ళకు పాత చుట్టం అయిపోయింది. చోటు మారలేదు కాబట్టే మనుషులు ఎంత మారారో కనిపించింది. కాశీమజిలీ కథల్లో దారి ఒకటే, ప్రతి మజిలీకీ ఒక కథ. ఇక్కడ మజిలీ ఒకటే, ప్రతి ఏటికీ ఒక కథ. ఏడాదికో సాహసం అనే ఆట నియమానికి ఇంతకన్నా అమరిన గాథ నాకు ఇంకోటి కనబడలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన దీవి. నిజానికి దీవి కూడా కాదు, ఒక బండ. బ్రెండన్ సముద్రం మధ్యలో ఒక బండ మీద కూర్చున్న మనిషిని చూస్తాడు. నలువైపులా అలలు కొడుతున్నాయి. ఎదురుగా రెండు ఇనప కొంకుల మీద ఒక గుడ్డ వేలాడుతోంది, గాలికి అది వచ్చి అతని కళ్ళ మీదా నుదుటి మీదా కొడుతోంది. అతను యూదా. ఏసును పట్టించినవాడు. ఆదివారాలూ కొన్ని పండగలూ నరకం నుంచి అతనికి విరామం, ఆ విరామం ఈ బండ. ఆ గుడ్డ తను ఒక కుష్ఠురోగికి ఇచ్చినది; కానీ తన సొమ్ముతో కొన్నది కాదు, అందుకే అది కప్పదు, కొడుతుంది. కింద ఉన్న రాయి, ఒకప్పుడు బాటసారుల కోసం దారి గుంటలో తను వేసినది. అందుకే అది కూర్చోనిస్తుంది.

మన భాషలో స్వామిద్రోహం అని ఒక మాట ఉంది. ఆర్థర్ నైట్‌కు అంతకు మించిన పాపం లేదు. అతని కాగితం మీద ప్రభుభక్తి ఎంతో అంకెతో సహా రాసి ఉంటుంది. అలాంటివాడిని స్వామిద్రోహులందరిలో మొదటివాడి ముందు నిలబెట్టి, అతను “ఈ ఒక్క రాత్రి నన్ను నరకపు దయ్యాలకు అప్పగించకండి” అని చేతులు జోడిస్తే ఏం చేస్తాడు?

మా గుంపులో బాబాయి అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నైట్ సర్ ఎలిడిర్. ప్రభుభక్తి 19. అతని సొంత అన్నే శత్రువులకు కోట తలుపు తీశాడు, ఆ కథ మేం అయిదేళ్ళ కింద ఆడాం. దయ 7, క్రూరత్వం 13. ఆరోజు బాబాయి దయకు పాచిక వేశారు, 12 పడింది, ఏడు దాటింది. తప్పింది. నియమం ప్రకారం క్రూరత్వానికి వెయ్యాలి. 18. అదీ తప్పింది. రెండూ తప్పితే ఆటగాడి ఇష్టం. స్వభావం చేతులెత్తేసింది, ఇక మనిషే తేల్చుకోవాలి.

బాబాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కాఫీ చల్లారిపోయింది. చాలాసేపటికి అడిగారు: “అబ్బాయ్, ఆ గుడ్డ తనది కాదు కాబట్టి కదా కొడుతోంది?”

“అవును బాబాయ్.”

“నా అంగీ నాదే. మా అమ్మ నేసింది. ఆ గుడ్డ తీసేసి ఇది వేలాడదీస్తాను.”

నా దగ్గర దానికి నియమం లేదు. గాథలో అలాంటిది లేదు. కాసేపు ఆలోచించి చెప్పాను: “గాలి అలాగే వీస్తోంది. అంగీ ఊగుతోంది. అతని ముఖానికి మాత్రం తగలడం లేదు.” ఆ తర్వాత ఉత్తర సముద్రంలో మిగిలిన రెండేళ్ళూ ఎలిడిర్ అంగీ లేకుండానే ప్రయాణం చేశాడు, ప్రతి చలికాలం పాచికలోనూ దానికి మూల్యం చెల్లించాడు. బాబాయి ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడలేదు.

నేను చెప్పేది ఇదే. దీవిని తయారుచేసేటప్పుడు అక్కడ ఏ మృగం ఉంది అని మొదలుపెట్టకండి. ఈ దీవి ఏ గుణాన్ని అడుగుతోంది, అక్కడ మనవాళ్ళు అతిథులా, దొంగలా, సాక్షులా అని మొదలుపెట్టండి. మృగం కావాలంటే దానంతట అదే వస్తుంది.

కొన్ని త్వరగా చెప్పేస్తాను. వేల్స్ పాత కవిత ఒకదాంట్లో ఆర్థర్ తన ప్రిద్వెన్ అనే ఓడలో పరలోకానికి వెళ్తాడు. మూడు ఓడల నిండా మనుషులు వెళ్తే తిరిగొచ్చింది ఏడుగురే. అక్కడ ఒక కొప్పెర ఉంది. తొమ్మిదిమంది కన్యలు ఊదితే కాగుతుంది, పిరికివాడి తిండిని మాత్రం ఉడికించదు. అందరూ తలా ఒక మాంసం ముక్క వేశారనుకోండి, ఒకరిది పచ్చిగానే తేలింది. ఇక కత్తులు అక్కర్లేదు, ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరు ఎవరికి పంచుతారో చూస్తే చాలు. వర్ణనకు కావాలంటే పితియాస్ దగ్గరికి వెళ్ళండి. క్రీస్తుకు పూర్వం 325 ప్రాంతంలో మసాలియా, అంటే నేటి మార్సెయ్ నుంచి బయల్దేరిన గ్రీకు నావికుడు. బ్రిటన్‌కు ఉత్తరాన ఆరు రోజుల దూరంలో థూలె ఉందన్నాడు. అక్కడ నేల, నీరు, గాలి విడివిడిగా లేవు, అన్నీ కలిసి సముద్రపు ఊపిరితిత్తిలా ఉన్నాయన్నాడు. జెల్లీ చేప అని అర్థం. నడవడానికీ వీల్లేదు, పడవ నడపడానికీ వీల్లేదు. దానికి నేను ఒక్క మాట కూడా కలపలేదు, అలాగే చదివి వినిపించాను.

బ్రాన్ అనే ఐరిష్ గాథానాయకుడి కథ గురించి ఒక జాగ్రత్త. బ్రాన్ మనుషులు స్త్రీల దీవిలో ఒక ఏడాది ఉన్నామనుకుంటారు. ఇంటి మీద బెంగతో ఒకడు పట్టుబడితే తిరిగొస్తారు. ఒడ్డున జనం “నువ్వెవరు” అంటారు. “బ్రాన్‌ను” అంటే, “ఆ పేరు మా పాత కథల్లో విన్నాం” అంటారు. బెంగపడ్డవాడు ఒడ్డుకు దూకుతాడు, నేల తగలగానే బూడిద అయిపోతాడు. తరాల ఆటలో ఇది పిడుగు లాంటిది. నైట్ తిరిగొచ్చేసరికి కొడుకు తనకన్నా ముసలివాడు. కానీ ఒక క్యాంపెయిన్‌లో ఒక్కసారే వాడండి. ఇంట్లో పెంచుకున్న పొలం, పిల్లలు, పేరు అన్నీ ఒక్క దెబ్బకు తీసేస్తున్నాం, ఆటగాడి ఏళ్ళ శ్రమ అది. నేను ముందే విడిగా పిలిచి “ఇలాంటిది జరగొచ్చు, సరేనా” అని అడిగాను. అడగాలి.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. ఈ గాథలన్నీ పడవలోంచి చూసినవి. మనం కూర్చున్నది ఒడ్డున. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు ఓడల మీద వచ్చిన కంపెనీ వాళ్ళకు ఈ తీరంలో చోటిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అంటారు. తర్వాత ఏమైందో మనందరికీ తెలుసు. అటు ఇంగ్లండులో 1580లో జాన్ డీ అనే పండితుడు అట్లాంటిక్ అవతలి నేల మీద ఎలిజబెత్ రాణికి హక్కుందని వాదిస్తూ, సాక్ష్యంగా ఆర్థర్ జయించిన దీవులనూ, 1170లో పడమటికి వెళ్ళాడని చెప్పే వేల్స్ రాకుమారుడు మాడోగ్ కథనూ చూపించాడు. మనం ఆడుకుంటున్న కథలే అక్కడ దస్తావేజులయ్యాయి. అందుకని నా దీవులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, జెండా పాతించుకోవడానికి ఎదురుచూస్తూ ఉండవు. అక్కడ ఎవరో ఒకరు ముందే ఉంటారు, వాళ్ళకు వాళ్ళ ఆతిథ్యం, వాళ్ళ నియమం ఉంటాయి.

ఆ నియమం ఎలా ఉండాలో మన దగ్గరే చక్కటి నమూనా ఉంది. చినగంజాం దగ్గర మోటుపల్లి. అక్కడ 1244–45లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. అంతకుముందు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్ళు. మేం అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తాం, సముద్రప్రయాణం అంతటి అపాయానికి తెగించి వచ్చినవాళ్ళు కాబట్టి, దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అన్నాడు. ప్రభువు సముద్రానికి ఇచ్చిన మాట అది. మా క్యాంపెయిన్‌లో ఒక ఏడాది మొత్తం తిప్పేశాను. నైట్లు ఒడ్డునే, తమ సొంత మేనర్‌లో, అంటే జాగీరులో. తుపాను రాత్రి ఒక పరాయి ఓడ పగిలి వచ్చింది. మనుషులు స్పృహ లేకుండా ఇసుకలో. ఓడ నిండా సరుకు. ఆ ఏడు పంట పోయింది, ఇంట్లో తిండి లేదు. అంతకుముందు నాలుగేళ్ళు ఎన్నో దీవుల్లో అతిథులుగా తిన్నవాళ్ళు వీళ్ళు. ఉదారమా, స్వార్థమా? ముగ్గురు మూడు రకాలుగా చేశారు. ఒకరు ఇప్పటికీ ఆ పని మీద బాధపడుతున్నారు, నిన్న కూడా ఫోన్ చేసి అదే మాట్లాడారు.

చివరిగా మైల్ డూన్. ఐరిష్ గాథే. ఇతని తండ్రిని సముద్రపు దొంగలు చంపారు. పగ తీర్చుకోవడానికి పడవ కట్టాడు. ఇంతమందే ఎక్కాలి, ఒక్కరు ఎక్కువైనా తక్కువైనా కీడు అని మాంత్రికుడు చెప్పాడు. బయల్దేరాక కలిసి పెరిగిన తమ్ముళ్ళు ముగ్గురు, మమ్మల్నీ తీసుకెళ్ళమని ఈదుకుంటూ వెనక పడ్డారు. చూస్తూ చూస్తూ మునిగిపోనివ్వలేక ఎక్కించుకున్నాడు. లెక్క తప్పింది. మొదటి రాత్రే ఒక దీవి ఒడ్డుకు చేరితే, లోపల ఇంట్లోంచి హంతకుడి గొంతు వినబడింది, చంపానని గొప్పలు చెప్పుకుంటున్నాడు. తలుపు దాకా వచ్చేశారు. అప్పుడే తుపాను లేచి నడిసముద్రానికి విసిరేసింది. ఆ తర్వాత దీవి మీద దీవి. ఆ ముగ్గురు తమ్ముళ్ళలో ఒకడు పిల్లి కాపలా ఉన్న కోటలో హారం దొంగిలించి బూడిదయ్యాడు. ఒకడు ఏడ్చేవాళ్ళ దీవిలో, ఒకడు నవ్వేవాళ్ళ దీవిలో చిక్కుకుపోయారు. చివరికి ఒక ముసలి తపస్వి చెప్తాడు: ఇన్ని గండాల నుంచి నిన్ను దేవుడు కాపాడాడు కదా, నువ్వూ ఆ హంతకుణ్ణి వదిలెయ్. అప్పుడు గాలి తిరుగుతుంది. పడవ మళ్ళీ ఆ మొదటి దీవికే చేరుతుంది. అదే ఇల్లు. లోపల అవే గొంతులు, మైల్ డూన్ ఇప్పుడొస్తే ఏం చేద్దాం అని మాట్లాడుకుంటున్నాయి.

మా క్యాంపెయిన్ సరిగ్గా అక్కడ ఆగి ఉంది. “సముద్రం ఎందుకు” అని అడిగిన అమ్మాయే ఆ పడవ ముందు నిలబడింది. ఆమె నైట్ తండ్రిని చంపినవాడు తలుపు అవతల ఉన్నాడు. క్షమ 4, ప్రతీకారం 16. పదహారు కాబట్టి పాచిక తప్పదు. నాలుగేళ్ళుగా ప్రతి దీవిలోనూ ఆ నాలుగును అయిదు చేసుకునే అవకాశం నేను ఇస్తూనే ఉన్నాను. రెండుసార్లు పెరిగింది, రెండుసార్లు తరిగింది. పోయిన ఆదివారం ఆమె తలుపు మీద చెయ్యి వేసింది, అప్పటికి రాత్రి పది దాటింది, ఆపేశాం. ఆ పాచిక బల్ల మీద పెట్టకుండా తన సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

వచ్చే ఆదివారం నాలుగింటికి, ఇదే గదిలో. చూడాలనుకునేవాళ్ళు రండి. చెప్పులు బయట విప్పేసి, ఆ గోడ వారన కూర్చోండి. ఆమె తలుపు తీసేదాకా ఎవరూ మాట్లాడొద్దు.